గాలపు ఈగకు తిరుగు రేకులు

గాలపు ముంటికి వానపామునో పిండిముద్దనో గ్రుచ్చి చేపలు పట్టుట మన విద్యార్థు లెఱిగినదే. పాశ్చాత్య దేశములయందు వేఱొక పద్ధతియు చిరకాలమునుండి కలదు. అచ్చటివారు ముంటికి ఈకలను, ఉన్నిని, వెండ్రుకలను సన్నని దారముతో కట్టి, పురుగువంటి యాకారమును కల్పించి, దానితో చేపను మోసపుచ్చుదురు. దీనినే ఆంగ్లేయులు ఫ్లై, అనగా ఈగ, అందురు. కొందఱు ఈ ఈగకు ముందువైపున లోహపు తిరుగు రేకును గూడ తగిలించుదురు. ఆ రేకువలన కలుగు లాభ మెట్టిది? అందులకు చెల్లింపవలసిన మూల్య మెట్టిది? రేకు చేరిన పిమ్మట దానిని ఈగ యనవచ్చునా? ఈ మూడు ప్రశ్నలను మేమిచట విచారింపబూనితిమి.

ఈగ మిక్కిలి ప్రాచీనమైనది. క్రీ. శ. 200 ప్రాంతమున ఏలియను అను రచయిత మాసిదోనియ దేశపు జాలరులనుగూర్చి వ్రాసెను. బైబిలు పాఠములలో మన బాలబాలికలు విన్న బెరయ, థెస్సలొనీక పట్టణముల నడుమ ప్రవహించు నదిలో చేపలు నీటిపై వ్రాలు ఒక పురుగును తినుచుండెడివట. ఆ పురుగును చేతబట్టినచో దాని రంగు చెడి, రెక్కలు వాడిపోవును. కావున జాలరులు ముంటికి ఎఱ్ఱని ఉన్నిని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండింటిని అమర్చి, నకిలీ పురుగును చేసికొనిరి.

తిరుగు రేకు వంశము వేఱు. అమెరికాలో జూలియో బ్యుయెల్ అను నాతడు పడవలో కూర్చుండి భోజనము చేయుచు చెంచాను సరస్సులో జాఱవిడువగా, మెఱయుచు మునుగుచున్న ఆ చెంచాను ఒక పెద్ద చేప పట్టెనని కథ చెప్పుదురు. కథ యెట్లున్నను, అతడు 1852లో చెంచా గాలమునకు పేటెంటు పొందెను. 1899లో ఇండియానా రాష్ట్రపు లోగన్స్‌పోర్టు పట్టణమున జాన్ హిల్డెబ్రాంటు స్పిన్నర్లు చేయుట కారంభించెను. 1938లో ఫ్రాన్సు దేశమున మెప్స్ అను స్పిన్నరు వెలువడెను. ఇవి యన్నియు అనుకరించునది పురుగును గాదు. పాఱిపోవు చిన్న చేప మెఱపును, కదలికను.

ఈగకు తగిలించు రేకులు రెండు విధములు. ప్రొపెల్లరు ముంటికాడ చుట్టును తిరుగును. దానికి రెండు రెక్కలుండును. ఒకటి ఒకవైపునకును, రెండవది దానికి ఎదురువైపునకును వాలియుండును. ఎదురుగా వచ్చు నీరు ఆ వాలుపై నొత్తగా రెక్కలు రెండును ఒకే దిక్కున త్రిప్పబడును. స్పిన్నరుకు సాధారణముగా ఒకే రేకుండును. అది గుంటగానుండి, ఒక కొనయందు మాత్రమే తీగకు వ్రేలాడుచు, నీటి ఒరపిడిచే లేచి తీగచుట్టును తిరుగును. వెడల్పైన గుండ్రని రేకు తీగకు దూరముగా, మెల్లగా, బలమైన అదరుతో తిరుగును. విల్లో ఆకువలె సన్ననైన రేకు తీగకు దగ్గఱగా, వడిగా తిరుగుచు ఎక్కువగా మెఱయును.

మన పిల్లలు తాటాకు గిరకను తుమ్మముంటితో పుల్లకు గ్రుచ్చి పరుగెత్తుదురు గదా. గాలికి ఎదురుగా పరుగెత్తినపుడది గిరగిర తిరుగును. గాలి వీచు దిక్కునకే, గాలియంత వడిగా పరుగెత్తినచో అది నిలిచిపోవును. ఏలయన గిరకకు తగులు గాలి లేదు. నీటిలోను ఇదే ధర్మము. ప్రవాహముతో సమానముగా కొట్టుకొనిపోవు ఈగకు ఎంత మంచి ప్రొపెల్లరు కట్టినను తిరుగదు. కావున నీటిపై తేలు ఈగకు రేకు వ్యర్థము. దారమును లాగుచు నడిపించు ఈగకును, ప్రవాహమునకు ఎదురుగా నిలిపి పట్టు ఈగకును మాత్రమే అది ప్రయోజనకారి.

ఇక లాభమును చూతము. చేప శరీరమునకు ఇరుప్రక్కల తలనుండి తోకవఱకు ఒక గీత కనబడును. దీనికి పార్శ్వరేఖ యని పేరు. నీటిలోని చిన్న చలనములను చేప దీనితో గ్రహించును. సెకనుకు సుమారు 200 కంపనములకు లోబడిన మెల్లని అదరులే దీనికి తెలియును. అదియు తన శరీరపు పొడవునకు ఒకటి రెండు రెట్ల దూరములోనే. కావున బురదనీటను, మునిమాపువేళను, కన్ను చాలనిచోట రేకు అదరు దగ్గఱనున్న చేపకు వార్త నందించును. తేటయైన లోతులేని నీటిలోనన్ననో, ఆ మెఱపే చేపను బెదరించి తఱిమివేయవచ్చును.

మూల్యమును గూడ గణింపవలెను. సామాన్యపు గాలమున బరువైన ఎర దారమును లాగికొనిపోవును. ఈగ గాలమున దారపు బరువే ఈగను మోసికొనిపోవును. 5వ సంఖ్య దారమున మొదటి 30 అడుగుల తూకము 140 గ్రెయినులు, అనగా సుమారు 9 గ్రాములు. ఇంత తేలికపాటి దారము కొనను ఒక గ్రాము లోహమును కట్టినను విసరు తీరు చెడును. కఱ్ఱ కుదుపునకు లోనగును. ఈగ తలకు తగులు ప్రమాదమును కలదు. అదిగాక రేకు తిరుగుచు తన ఒరపిడిచే ఈగను గూడ త్రిప్పగా దారము మెలికలు పడును. దీనికి మందు లేకపోలేదు. ప్రొపెల్లరు వెనుక నునుపైన పూసను ఉంచినచో ఒరపిడి తగ్గును. ఎదురెదురు దిక్కుల తిరుగు రెండు ప్రొపెల్లర్లను అమర్చినచో ఒకదాని మెలిని మఱియొకటి చాలవఱకు విఱుచును.

మూడవ ప్రశ్నకు కొన్నిచోట్ల చట్టమే ఉత్తర మిచ్చుచున్నది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున కొన్ని జలములయందు ఈగతో తప్ప చేపలు పట్టరాదు. ఈకలు, వెండ్రుకలు, దారము మొదలగువానితో అలంకరింపబడిన ఒంటికొన ముల్లే ఈగ యనియు, స్పిన్నరు గాని చెంచా గాని చేర్చినది ఈగ కాదనియు ఆ చట్టము నిర్వచించినది. అట్టి నీట రేకు కట్టి దిగినవాడు, ఒక్క చేపను పట్టకున్నను, తప్పు చేసినవాడే యగును. అందఱికిని తెఱచియున్న నీటిలోనన్ననో, అదే రేకు నిర్దోషమైన పనిముట్టు.

కావున మా యభిప్రాయ మిది. రేకు ఈగను మెఱుగుపఱచునది గాదు. దానిని వేఱొక పనిముట్టుగా మార్చునది. ఈగ కంటితో మాటలాడును. రేకు కంటితోను, పార్శ్వరేఖతోను మాటలాడును. నీరు కలకగా నున్నదా, తేటగా నున్నదా. ఈగ లాగబడునా, కొట్టుకొనిపోవునా. ఆ నీటి నిబంధన యేమి: ఈ మూడును చూచుకొని, పిమ్మట రేకును కట్టుటయో విప్పుటయో నిర్ణయించుకొనవలెను. మన విద్యార్థులలో ట్రౌటు చేపను ఎన్నడును చూడనివారే పెక్కుమంది. అయినను పనిముట్టును చేతబట్టుటకు ముందు దాని పనిని, వెలను, హద్దును అడిగి తెలిసికొనుట ఏ వృత్తియందైనను పనికివచ్చు అలవాటే.