చార్టు మీద కోడిపుంజు



ఈ పేజీలో మామూలుగా బి.పి., షుగరు, బాలింతల ఆహారం వంటి సంగతులు చదువుతుంటారు. ఈసారి కంప్యూటర్ ఆటల్లోని చిన్న చిన్న బొమ్మల గురించి, వాటిని వేయడం ఎలా నేర్చుకోవాలో రాస్తున్నాను. నర్సింగ్ సూపరింటెండెంటుకు ఆటబొమ్మలతో ఏం పని అని మీకు నవ్వు రావచ్చు. నాకు మాత్రం మొదట కోపమే వచ్చింది. ఆ సంగతి చెబుతాను.

కొన్నేళ్ల క్రితం మగవాళ్ల వార్డులో 9వ తరగతి అబ్బాయి ఒకడు ఉండేవాడు. ట్రాక్టరు మీద నుండి పడి తొడ ఎముక విరిగింది. కాలికి బరువు కట్టి వారాల తరబడి మంచం మీదే ఉంచవలసి వచ్చింది. మొదటి వారం బాగానే ఉన్నాడు. రెండో వారానికి మాట తగ్గింది, తిండి తగ్గింది. చెప్పిన వ్యాయామాలు చేయడం మానేశాడు. ముఖం గోడ వైపు తిప్పుకుని పడుకునేవాడు. మళ్లీ నడుస్తానో లేదోనన్న భయం వాడిని లోపల తింటోందని మాకు తెలుసు. కానీ వాడు పైకి ఏమీ అడగడు.

ఒక రోజు పొద్దున రౌండ్స్‌లో స్టాఫ్ నర్సు వాడి టెంపరేచర్ చార్టు తెచ్చి నా ముందు పెట్టింది. రాబోయే రోజుల కోసం ఖాళీగా ఉన్న గళ్లలో బాల్ పెన్నుతో ఒక్కొక్క గడీ నింపి కోడిపుంజు బొమ్మ వేశాడు!

"ఏందిరా ఇది?" అన్నాను.

"కోడమ్మా. కంప్యూటర్ ఆటలోకి. మా బావ చెప్పాడు, ఆటల్లో బొమ్మలు ఇట్లానే గళ్లలో ఏస్తారంట. స్ప్రైట్ అంటారంట."

స్ప్రైట్ అంటే నాకు తెలిసింది కూల్‌డ్రింకు ఒక్కటే. చార్టు డాక్టరుగారు చూసి మందు రాసే కాగితమని, దాని మీద గీతలు గీస్తే పొరపాటు జరుగుతుందని గట్టిగానే చెప్పాను. అది చెప్పవలసిన మాటే. కానీ రెండు వారాల్లో వాడు తనంతట తాను చేసిన పని అదొక్కటే అని తర్వాత తోచింది. సాయంత్రం బజారులో ఒక గళ్ల నోటు పుస్తకం, మూడు రంగుల స్కెచ్ పెన్నులు కొని వాడి మంచం మీద పెట్టాను.

గళ్లలో బొమ్మ అంటే ఏమిటి?

కంప్యూటర్ తెర, ఫోను తెర అన్నీ సన్నని చుక్కలతో నిండి ఉంటాయి. ఒక్కో చుక్కను పిక్సెల్ అంటారు. ఇప్పటి ఫోన్లలో ఈ చుక్కలు లక్షల్లో ఉంటాయి కనుక కంటికి విడిగా కనబడవు. 2000లో వచ్చిన నోకియా 3310 ఫోను మీలో చాలామంది వాడే ఉంటారు. దాని తెరలో అడ్డంగా 84, నిలువుగా 48 చుక్కలే. పిల్లలు గంటల తరబడి ఆడిన పాము ఆట అంతా ఆ కాస్త చోటులోనే నడిచింది.

ఆటలో వెనుక దృశ్యం మీద కదిలే చిన్న బొమ్మను స్ప్రైట్ అంటారు. పరుగెత్తే మనిషి, ఎగిరే పిట్ట, దొర్లే రాయి అన్నీ స్ప్రైట్లే. ఒక్కో గడిలో ఏ రంగు ఉండాలో చూసుకుంటూ వేసే బొమ్మను పిక్సెల్ ఆర్ట్ అంటారు.

ఇది మన ఆడవాళ్లకు కొత్త విద్య కాదు. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేసే చేతులకు ఇది వెంటనే అర్థమవుతుంది. దిండు గలేబు మీద దారాలు లెక్కపెట్టి క్రాస్ స్టిచ్‌తో గులాబీ కుట్టినవారికి మరీ తేలిక. పోచంపల్లి చీర డిజైను కూడా ముందు గళ్ల కాగితం మీద వేసి, దాని ప్రకారం నూలుకు ముళ్లు కట్టి రంగులు అద్దుతారు. 1984లో వచ్చిన మాకింటాష్ కంప్యూటరుకు బొమ్మలు వేసిన సూజన్ కేర్ అనే ఆమె మొదట గళ్ల పుస్తకం కొనుక్కుని, అడ్డం 32, నిలువు 32 గళ్లు నింపుతూ పని మొదలుపెట్టారు. అంతకు ముందే ఆమెకు కుట్టుపని, రంగురాళ్లు పేర్చి బొమ్మలు చేసే పని అలవాటు.

తక్కువ గళ్లు, ఎక్కువ ఆలోచన

మన అబ్బాయి కోడినే ఎందుకు ఎంచుకున్నాడో కారంపూడి వాళ్లకు వేరే చెప్పాలా? నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపోరు కథ వినకుండా ఇక్కడ ఎవరూ పెరగరు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం జరిగిన ఊరు మనది. ఆ కథ మీద ఆట తయారు చేద్దామని బావ, వీడు అనుకున్నారట. కోడిపోరు కాగితం మీద ఉన్నంతవరకు నాకు అభ్యంతరం లేదన్నాను.

మొదటి పుంజును 64 గళ్ల వెడల్పు, 64 గళ్ల ఎత్తులో మొదలుపెట్టాడు. అంటే 4,096 గళ్లు. ఈకలన్నీ వేయాలని చూశాడు. మూడు రోజులకు అది కోడో, చిందిన కూరో తెలియకుండా పోయింది. పేజీ చించేశాడు. తరువాతి ఆదివారం బావ వచ్చి, "16 గళ్లలో వెయ్యి" అని చెప్పి వెళ్లాడు. 16 అడ్డం, 16 నిలువు అంటే 256 గళ్లు. "అంత తక్కువలో కోడి ఎట్లా పడుతుందమ్మా?" అని నన్నడిగాడు. కోడిని కోడి అని గుర్తుపట్టడానికి ఏమేం కావాలో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి జుట్టు, ముక్కు, వంపు తిరిగిన తోక, రెండు కాళ్లు అన్నాడు. ఆ నాలుగూ వేశాడు. పక్క మంచం ముసలాయన చూసి, "డేగ పుంజురా!" అన్నాడు. ఆ రోజు అన్నం మిగల్చకుండా తిన్నాడు.

పెద్ద పెద్ద కళాకారులకు కూడా ఇదే ఇబ్బంది వచ్చింది. 1981లో జపానులో షిగెరు మియమోతో "డాంకీ కాంగ్" ఆట కోసం మారియో బొమ్మ చేశారు. నోరు వేయడానికి గళ్లు చాలక మీసం పెట్టారు. జుట్టు వేయడం కష్టమని టోపీ పెట్టారు. చేతుల కదలిక తెలియాలని చొక్కా మీద వేరే రంగు ఓవరాల్ తొడిగారు. చోటు లేక చేసిన ఆ సర్దుబాట్ల వల్లే ఆ ముఖం లోకమంతటికీ గుర్తుండిపోయింది. 1983లో వచ్చిన ఫామికాం అనే ఆటల యంత్రంలో ఒక్కో స్ప్రైటుకు 3 రంగులే వాడుకోవచ్చు. ఖాళీ వదిలిన గళ్లలో నుండి వెనుక దృశ్యం కనబడుతుంది. 1985 నాటి "సూపర్ మారియో బ్రదర్స్"లో ఆకాశంలోని మబ్బు, నేల మీది పొద ఒకే బొమ్మ. రంగు మాత్రమే మార్చారు. ఇది తెలిశాక మన అబ్బాయి ఒకే పుంజును ఎరుపులో డేగగా, నలుపులో కాకిగా, తెలుపులో సేతువగా వేసి చూపించాడు.

మీరూ వేయాలంటే

1. గళ్ల పుస్తకంలో 16 x 16 గళ్ల చదరం గీసుకోండి. మొదట దీనికి మించి వద్దు.

2. పెన్సిలుతో బయటి ఆకారం మాత్రమే నింపండి. లోపల ఏమీ లేకపోయినా, నీడలాగా చూసినా బొమ్మ గుర్తుపట్టేట్టు ఉండాలి. లేకపోతే రంగులు వేసినా లాభం లేదు.

3. వాలు గీతలు మెట్లలా వస్తాయి. ఆ మెట్లు సమానంగా ఉండాలి. ఒక గడి, ఒక గడి, ఒక గడి. లేదా రెండు, రెండు, రెండు. ఒకటి, మూడు, ఒకటి, రెండు అని వేస్తే గీత విరిగినట్టు కనబడుతుంది. వంపు కావాలంటే నాలుగు, రెండు, ఒకటి అని క్రమంగా తగ్గించండి.

4. మూడు రంగులు చాలు: ఒకటి ముదురు, ఒకటి మధ్యరకం, ఒకటి లేత. వెలుగు ఎటు నుండి పడుతోందో ముందే అనుకుని ఆ వైపు లేత రంగు, అవతలి వైపు ముదురు రంగు వేయండి.

5. కన్ను ఒక్క గడి. అది ఒక గడి జరిగితే చూపే మారిపోతుంది. నాలుగైదు చోట్ల పెట్టి చూడండి.

6. పుస్తకాన్ని గోడకు ఆనించి పది అడుగుల దూరం నుండి చూడండి. ఆటలో బొమ్మ అంత చిన్నగానే కనబడుతుంది.

కాగితం మీద కుదిరాక కంప్యూటరులోకి వెళ్లవచ్చు. విండోస్‌లో ఉండే పెయింట్ చాలు. బొమ్మ కొలత 16 x 16 పిక్సెళ్లు పెట్టి, బాగా పెద్దది చేసి, గడుల గీతలు కనబడేట్టు పెట్టుకుని, పెన్సిలు గుర్తుతో ఒక్కొక్క గడీ నింపాలి. దాచేటప్పుడు పి.ఎన్.జి. రకంలో దాచండి. జె.పి.జి.లో రంగుల అంచులు చెదురుతాయి. కదిలే బొమ్మలు చేయడానికి లిబ్రెస్ప్రైట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

నడక బొమ్మ

కోడి తరువాత వాడు మనిషిని నడిపించాలనుకున్నాడు. కదలిక చూపించాలంటే కొద్ది తేడాతో నాలుగు బొమ్మలు వేసి వరుసగా మార్చాలి. వాడి బొమ్మ నడవకుండా జారుకుంటూ పోతోంది. లోపం ఎక్కడుందో తెలియక తలుపులో నుండి వరండాలో పోయేవాళ్ల నడక చూడడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులకు కనిపెట్టాడు: కాళ్లు ఎడంగా ఉన్నప్పుడు తల కిందికి దిగుతుంది, ఒక కాలు రెండో కాలిని దాటేటప్పుడు తల పైకి లేస్తుంది. 35 ఏళ్లుగా రోగులను నడిపిస్తున్నాను, నేనెప్పుడూ దాన్ని అంత శ్రద్ధగా చూడలేదు. బొమ్మలో తలను ఒక్క గడి ఎత్తాడు. నడక వచ్చేసింది.

ఆ రోజే మొదటిసారి నన్నడిగాడు: "అమ్మా, మోకాలిని ఏ కండరం చాపుతుంది?"

తొడ ముందు కండరాన్ని చూపించాను. మంచం మీదే దాన్ని బిగించి, 5 లెక్కపెట్టి వదలమన్నాను. పాదాన్ని పైకి, కిందికి ఆడించమన్నాను. ఇవి మేము రెండో వారం నుండీ చెబుతున్న వ్యాయామాలే. కదలకుండా పడుకుంటే కండరం కరిగిపోతుంది, కీలు బిగుసుకుంటుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు మా మాట చెవిన పెట్టనివాడు, ఇప్పుడు గంట గంటకూ లెక్క రాసుకుని చేశాడు. అయితే విరిగిన కాలికి ఏ వ్యాయామమైనా డాక్టరుగారు చెప్పాకే చేయాలి సుమా.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలు ఆటలకు బానిసలవుతారన్న మీ భయం నిజమైనదే. కానీ ఆట ఆడడం వేరు, ఆట బొమ్మ తయారు చేయడం వేరు. తయారుచేసేవాడు లెక్క వేయాలి, చూడాలి, చెరిపి మళ్లీ వేయాలి. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే యువకుడు పల్లెటూరి వ్యవసాయం మీద "స్టార్‌డ్యూ వ్యాలీ" అనే ఆటను నాలుగున్నర ఏళ్లు ఒక్కడే కూర్చుని చేశాడు. బొమ్మలు వేయడం తనంతట తానే నేర్చుకుని, నచ్చనివి మళ్లీ మళ్లీ మార్చి వేశాడు. 2016లో విడుదలైన ఆ ఆట 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయింది. అందరికీ అంత పేరు రాదు, రానక్కరలేదు. ఓపిక వచ్చినా చాలు.

తెర మీద వేసే పిల్లలు 20 నిమిషాలకొకసారి తల ఎత్తి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి. తెర చేతి పొడవు దూరంలో ఉండాలి. వెన్ను నిటారుగా, మణికట్టు బల్లకు ఆని ఉండాలి. కళ్లు మంటపుట్టినా, తలనొప్పి వచ్చినా ఆపి కంటి పరీక్ష చేయించండి.

ఆ అబ్బాయి చంకకర్రలతో వరండాలో మొదటి అడుగులు వేసిన రోజు నేను పక్కనే ఉన్నాను. నాలుగు అడుగులు వేసి ఆగి, "తల లేస్తోందా అమ్మా?" అన్నాడు. "ఒక గడి లేస్తోంది" అన్నాను.

కోడిపుంజు ఉన్న ఆ చార్టును కొత్త చార్టులో రాసి, పాతదాన్ని కూడా వాడి ఫైలులోనే ఉంచాం. మీ ఇంట్లో మంచం పట్టిన పిల్లవాడు ఉంటే ఒక గళ్ల పుస్తకం, మూడు పెన్నులు కొనివ్వండి. మొదటి బొమ్మ బాగుండదు. పేజీ చించనివ్వకండి.