అన్నభేదియు, అయస్కాంత రజమును

అన్నభేది మన సంఘ సభ్యులకు క్రొత్త వస్తువు కాదు. బాపట్ల, రేపల్లె ప్రాంతములందలి ఇసుక నేలలలో ఇనుము లోపించి వరి నారుమడి లేత ఆకులు పాలిపోయినప్పుడు దీనినే నీటఁ గరగించి పిచికారి చేయుదురు.

ఈ యన్నభేదితోనే శాస్త్రజ్ఞులు నేఁడు అయస్కాంత రజమును గూడ చేయుచున్నారు. అన్నభేదిని మఱియొక యినుప లవణముతో నీటఁ గలిపి, అమ్మోనియా చేర్చిన నల్లని మడ్డి దిగును. పొయ్యిమీఁది కుండలో అడుగు ముందు కాగి, పైభాగము వెనుక కాగును. అందుచే రేణువులు హెచ్చుతగ్గులుగా నేర్పడును. మైక్రోవేవ్ పొయ్యిలో ద్రవమంతయు లోలోపలనే నిమిషములలో కాగుటచే రేణువులు ఇంచుమించు సమానముగా వచ్చును. పది నానోమీటర్ల రేణువులను లక్ష వరుసగా పేర్చినను ఒక్క మిల్లీమీటరే యగును. ఇట్టి రజము నీటిలోని పాషాణమును పట్టుకొనుననియు, పిమ్మట అయస్కాంతముతో దానిని తీసివేయవచ్చుననియు 2006లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమువారు చూపిరి.

అయినను ఈ రజము అన్నభేదికి బదులు కాఁజాలదు. అది నీట సులభముగా కరగదు. పాలిపోయిన నారునకు కావలసినది కరగిన యినుము. గాలి సోకిన నల్లరజము ఎఱ్ఱబాఱునట్లే అన్నభేదియు గోధుమవన్నెకు తిరిగి నిరుపయోగమగును. కావున తెనాలి, బాపట్ల, రేపల్లె రైతు సోదరులకు మేము మనవి చేయున దేమన, ఆకుపచ్చని పలుకులనే కొనుఁడు. మూత బిగించి దాఁచుఁడు. లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున ఏ పూట కాపూటయే కలిపి చల్లుఁడు.