సీసాన్ని లాగే మందు ఇంకేం లాగుతుంది?

సూర్యాపేటలో ఏ ల్యాబ్‌కు వెళ్లినా సీబీపీ పరీక్షకు తీసిన రక్తాన్ని ఊదారంగు మూత ఉన్న చిన్న ట్యూబులో పోస్తారు. ఆ ట్యూబు లోపల ముందే ఈడీటీఏ అనే రసాయనం వేసి ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాల్షియం దొరక్కపోతే రక్తం గడ్డకట్టదు, పరీక్ష సాఫీగా సాగుతుంది. అదే పని ట్యూబులో కాకుండా ఒంట్లో జరిగితే గుండె ఆగిపోవచ్చు. సీసం విషానికి ఇచ్చే పాత మందుల్లో ఒకటి ఈ ఈడీటీఏ కుటుంబానిదే.

2005 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో అదే జరిగింది. రక్తంలో సీసం ఎక్కువగా ఉందని రెండేళ్ల పాపను ఆస్పత్రిలో చేర్చారు. ఎక్కించాల్సింది కాల్షియం డైసోడియం ఈడీటీఏ. ఎక్కించింది ఉత్త డైసోడియం ఈడీటీఏ. మొదటిది కాల్షియాన్ని చంకన పెట్టుకునే వస్తుంది. సీసం కనబడగానే కాల్షియాన్ని వదిలి దాన్ని పట్టుకుంటుంది. రెండోదాని చేతులు ఖాళీ, అందుకే రక్తంలో ఉన్న కాల్షియాన్నే లాగేస్తుంది. పాప బతకలేదు. అదే ఏడాది ఆగస్టులో పెన్సిల్వేనియాలో ఐదేళ్ల బాబు చనిపోయాడు. వాడికి ఆటిజం తగ్గుతుందని ఈ మందు ఎక్కించారు. 2003లో ఓరెగాన్‌లో ప్రాణం పోయిన 53 ఏళ్ల మహిళను కూడా కలిపి, ఈ మూడు మరణాలనూ అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2006లో ప్రకటించింది. రెండు మందుల పేర్లలో తేడా ఒక్క మాట.

ఇదంతా ఎక్కడో జరిగిందిలే అని కొట్టిపారేయడానికి లేదు. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి 65 మీదున్న ఊళ్లు సూర్యాపేట, కోదాడ. మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణం, అక్కడికి వచ్చిపోయే లారీలకు లెక్కలేదు. లారీ ఉన్నచోట బ్యాటరీ ఉంటుంది, బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. పాత బ్యాటరీలు రూల్స్ ప్రకారం గుర్తింపు ఉన్న రీసైక్లింగ్ కేంద్రాలకే చేరాలి. అలా కాకుండా ఎవరైనా షెడ్డులో సుత్తితో పగలగొట్టి, ప్లేట్లు తీసి, పొయ్యి మీద కరిగిస్తే ఆ పొగ, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేతులు సరిగ్గా కడుక్కోకుండా టిఫిన్ డబ్బా విప్పితే అన్నంతోపాటు కడుపులోకీ పోతాయి. పని బట్టలతోనే ఇంటికెళ్లి చంటిబిడ్డను ఎత్తుకుంటే ఆ దుమ్ము బిడ్డకూ అంటుతుంది.

పెద్దవాళ్లకు కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, రక్తహీనత, మణికట్టు వాలిపోవడం కనిపిస్తాయి. గ్యాస్ ట్రబుల్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగేవాళ్లూ ఉంటారు. పిల్లల్లో దెబ్బ మెదడుకు తగులుతుంది, పైకి ఏమీ తెలియకపోవచ్చు. రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేస్తే తప్ప విషయం తేలదు.

ఆ అంకెను బట్టే మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం పిల్లల రక్తంలో డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసాన్ని బయటికి లాగే మందు వాడాలి. పెద్దలకు ఈ హద్దు ఇంకా పైన ఉంటుంది, లక్షణాలూ చూస్తారు. మరి 45 కంటే తక్కువుంటే? అమెరికాలో 20 నుంచి 44 మధ్య ఉన్న 780 మంది పిల్లల మీద పెద్ద పరీక్షే చేశారు. 2001లో ఫలితాలొచ్చాయి. మందు రక్తంలో సీసాన్ని తగ్గించింది కానీ పిల్లల తెలివితేటల పరీక్షల్లో మార్కులు పెరగలేదు. కాస్త సీసం కనబడగానే మందు మొదలుపెట్టమని తొందరపెట్టే తల్లిదండ్రులకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

ఇప్పుడు పిల్లలకు ఎక్కువగా వాడేది సక్సిమర్. అమెరికాలో 1991లో అనుమతి వచ్చింది. సూది అక్కర్లేదు, కాప్స్యూల్ మింగితే చాలు. మొదటి ఐదు రోజులు ఎనిమిది గంటలకోసారి, తర్వాత రెండు వారాలు పన్నెండు గంటలకోసారి, మొత్తం 19 రోజుల కోర్సు. మింగలేని పిల్లలకు కాప్స్యూల్ విప్పి మెత్తటి తిండి మీద చల్లి పెట్టవచ్చు. చిక్కల్లా వాసనతోనే. గంధకం ఉన్న మందు కాబట్టి విప్పగానే కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. అరటిపండు గుజ్జులో కలిపినా పసిగట్టి మూతి తిప్పుకునే పిల్లలుంటారు. వికారం, వాంతులు, విరేచనాలు, నోట్లో లోహపు రుచి, ఒంటి మీద దద్దుర్లు మామూలుగా కనిపించేవి. లివర్ ఎంజైములు కొంతకాలం పెరగడం, తెల్ల రక్తకణాలు తగ్గడం లోలోపల జరిగేవి. అందుకే కోర్సు నడుస్తుండగా మళ్లీ ఆ ఊదా మూత ట్యూబు అవసరమవుతుంది.

సీసం మెదడుకెక్కి ఫిట్స్ వస్తుంటే మాత్రం కాప్స్యూళ్లతో కాదు. అప్పుడు ముందు డైమెర్‌కాప్రాల్, నాలుగు గంటలు ఆగి కాల్షియం ఈడీటీఏ ఇస్తారు. ఈ వరస తప్పకూడదు, ఈడీటీఏ ఒక్కటే ఇస్తే మెదడు పరిస్థితి ఇంకా దిగజారే ప్రమాదముంది. డైమెర్‌కాప్రాల్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆర్సెనిక్ విషవాయువుకు విరుగుడుగా ఆక్స్‌ఫర్డ్‌లో తయారైన మందు. దాన్ని పల్లీ నూనెలో కలిపి కండ లోతుకు సూది వేస్తారు. బాగా నొప్పి పెడుతుంది, బీపీ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది. పల్లీలు పడనివాళ్లకు ఇవ్వకూడదు. ఈ సూదులు నడిచే రోజుల్లో ఐరన్ మాత్రలూ ఆపాలి, ఎందుకంటే ఈ మందు, ఇనుము కలిస్తే ఇంకో విషం తయారవుతుంది. పుట్టుకతో జీ6పీడీ లోపం ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. ఇక కాల్షియం ఈడీటీఏతో భయం కిడ్నీలకు. అది సీసంతోపాటు ఒంటికి కావలసిన జింకునూ మూత్రంలో పంపేస్తుంది.

డీ-పెన్సిలమైన్ మరొకటి. విల్సన్ జబ్బుకు వాడే మందు. సీసానికీ పనిచేస్తుంది కానీ మూత్రంలో ప్రొటీన్ పోవడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, దద్దుర్లు దీనికి ఎక్కువే. పెన్సిలిన్ పడనివాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి.

ఫ్లోరైడ్ బాధ ఎరిగిన నల్లగొండ ప్రాంతానికి ఎముకల్లో విషం పేరుకోవడం అంటే ఏమిటో వేరే వివరించక్కర్లేదు. సీసం కూడా ఎముకల్లో దశాబ్దాలపాటు తిష్ఠ వేస్తుంది. మందు రక్తాన్ని శుభ్రం చేయగానే ఎముకల నుంచి మళ్లీ సీసం రక్తంలోకి దిగుతుంది, తగ్గిన అంకె తిరిగి పైకి లేస్తుంది. దీన్ని చూసి మందు పనిచేయలేదని కొందరు కంగారుపడతారు. నిజానికి అది ముందే ఊహించాల్సిందే. కోర్సు ముగిసిన రెండు నుంచి నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష చేయించమనేది అందుకే.

కోదాడ దాటి ఆంధ్రలోకి వెళ్తే 2020 డిసెంబరు నాటి ఏలూరు గుర్తుకొస్తుంది. వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. ఊరంతా సీసం మాటే మారుమోగింది. కొద్దిరోజులకే నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు మళ్లింది. చాలామంది చూస్తుండగానే కోలుకుని ఇళ్లకు వెళ్లారు. సీసం అంత త్వరగా వదిలే రకం కాదు. రక్తంలో సీసం కనబడటం వేరు, జబ్బుకు కారణం సీసమే కావడం వేరు. ఆ తేడా చూడకుండా అందరికీ ఈ మందులు మొదలుపెడితే దుష్ఫలితాలు తప్ప దక్కేదేమిటి?

'డిటాక్స్' పేరుతో ఇవే మందులు ఎక్కించే చోట్ల ప్రమాదం ఇంకా ఎక్కువ. ముందు మందిచ్చి, తర్వాత మూత్రంలో లోహాలు కొలిచి, చూశారా ఎంత విషం పోతోందో అని భయపెడతారు. లాగే మందు వేసుకున్నాక ఎవరి మూత్రంలోనైనా లోహాలు ఎక్కువగానే కనిపిస్తాయి. ఆ అంకెకు అర్థం లేదని విషవైద్య నిపుణులు ఎప్పుడో తేల్చారు.

నైజీరియాలోని జంఫారాలో 2010లో బంగారు ఖనిజం దంచిన దుమ్ములోని సీసం వందల మంది పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. అక్కడికెళ్లిన వైద్య సంస్థ ఎంఎస్ఎఫ్ వెయ్యి మందికి పైగా చిన్నారులకు సక్సిమర్ ఇచ్చి మరణాలను బాగా తగ్గించింది. కానీ ఊళ్లో మట్టి మార్చి, ఇళ్లు శుభ్రం చేశాకే మందు. బగెగా అనే ఊళ్లో ఆ పని 2013 దాకా జరగలేదు, చికిత్స కూడా అందాకా ఆగింది. బ్యాటరీ షెడ్డు కార్మికుడికీ ఇదే వర్తిస్తుంది. కోర్సు రాయించుకునే ముందు పని మారాలి లేదా షెడ్డు మారాలి, బట్టలు అక్కడే విప్పి స్నానం చేశాక ఇంటికెళ్లాలి, ఇంట్లో పిల్లలకూ రక్తపరీక్ష చేయించాలి.