ఊడిన సోల్‌ను ఇంట్లో అతికించడం ఎలా? జిగురు ఆరే పావుగంటే కీలకం

వానాకాలం వచ్చిందంటే బడి పిల్లల బూట్లు, పెద్దల చెప్పులు ఒక్కొక్కటిగా నోరు తెరుస్తాయి. పైతోలు చెక్కుచెదరకుండా ఉన్నా సోల్ ముందుభాగం ఊడి వేలాడుతుంది. అంతమాత్రాన జతను పారవేయనక్కరలేదు. చెప్పులు బాగుచేసేవారు వాడే పసుపురంగు రబ్బరు జిగురు హార్డ్‌వేర్ దుకాణాల్లో చిన్న ట్యూబుల్లోనూ, డబ్బాల్లోనూ లభిస్తుంది. వడ్రంగులు చెక్కపై సన్‌మైకా అతికించేదీ ఈ కోవకు చెందిన జిగురుతోనే. ఇంగ్లీషులో దీనిని కాంటాక్ట్ సిమెంట్ అంటారు. దీనితో చాలా బూట్లను ఇంటివద్దనే బాగుచేసుకోవచ్చు. అయితే ఇది పనిచేసే తీరు, దీనితో పొంచి ఉన్న ముప్పు రెండూ తెలిసి ఉండాలి.

తడిగా ఉండగా అతికిస్తే నిలవదు

కాగితాలకు, చెక్కకు వాడే తెల్లజిగురును పూసి, తడిగా ఉండగానే రెండు భాగాలను కలుపుతారు. రబ్బరు జిగురు తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. దీనిని రెండు వైపులా పూసి, ఆరిన తరువాతే కలపాలి.

ఈ జిగురులో ప్రధానమైనది పాలీక్లోరోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు. అమెరికాకు చెందిన డ్యూపాంట్ సంస్థ 1930లో రూపొందించిన ఈ పదార్థమే నియోప్రీన్‌గా ప్రసిద్ధి చెందింది. దీనిని టోలీన్, హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ వంటి ద్రావణుల్లో కరిగించి జిగురు తయారుచేస్తారు. పూసిన తరువాత ద్రావణి ఆవిరైపోయి, పలుచని రబ్బరు పొర మిగులుతుంది. అటువంటి రెండు పొరలను గట్టిగా అదిమినప్పుడు వాటిలోని రబ్బరు గొలుసులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఒకే పొరగా మారతాయి. తడిగా ఉండగానే కలిపితే ద్రావణి తోలుకూ సోల్‌కూ మధ్య చిక్కుకుపోతుంది. లోపలి పొర మెత్తగానే ఉండి, నాలుగు అడుగులు వేయగానే అతుకు విడిపోతుంది. ఇంట్లో చేసిన మరమ్మతులు విఫలం కావడానికి ఈ తొందరపాటు ముఖ్య కారణాల్లో ఒకటి.

వరుస క్రమం

ముందుగా ఊడిన భాగాన్ని మెల్లగా తెరిచి మట్టి, పాత జిగురు పెచ్చులను కత్తిమొనతో గీకివేయాలి. తడి ఉంటే నీడన పూర్తిగా ఆరనివ్వాలి. తరువాత అతుకు పడే రెండు వైపులనూ ఉప్పుకాగితంతో రుద్ది గరుకుగా చేసి, దుమ్మును తుడిచివేయాలి. నున్నటి ఉపరితలంపై జిగురుకు పట్టు దొరకదు.

పాత టూత్‌బ్రష్‌తో రెండు వైపులా పలుచగా, అంచుల వరకు సమంగా జిగురు పూయాలి. మందంగా పూస్తే బలం పెరగదు, ఆరడం మాత్రం ఆలస్యమవుతుంది. తోలు మొదటి పూతను పీల్చుకుంటే, అది ఆరాక రెండో పూత వేయాలి. సాధారణంగా 10 నుంచి 20 నిమిషాలు ఆగాలి. తేమ ఎక్కువగా ఉన్న రోజున మరికొంత సమయం పడుతుంది. వేలి వెనుక భాగంతో తాకినప్పుడు జిగటగా అనిపించినా జిగురు వేలికి అంటకపోతే అదే సరైన అదను.

ముందు బొటనవేలి వైపు సరిచూసుకుని, అక్కడినుంచి వెనుకకు కలుపుతూ రావాలి. ఒకసారి తాకిన పొరలను మళ్లీ జరపడం కష్టం. ఈ జిగురుకు ఎంతసేపు అదిమామన్నదానికంటే ఎంత గట్టిగా అదిమామన్నదే ముఖ్యం. అందుకే చెప్పులు కుట్టేవారు అతికించగానే సుత్తితో అంచుల వెంబడి కొడతారు. ఆ తరువాత గుడ్డపేలికతో బిగించి కట్టి, ఒక రోజంతా వాడకుండా ఉంచాలి.

అన్ని సోళ్లకూ పనికిరాదు

తోలు, రబ్బరు సోళ్లకు ఈ జిగురు చక్కగా పనిచేస్తుంది. పీవీసీ సోళ్లను మెత్తగా ఉంచడానికి కలిపే నూనెవంటి పదార్థం క్రమంగా జిగురులోకి చేరి దానిని వదులు చేస్తుంది. వాటికి పాలీయురెథేన్ జిగురు మేలు. స్పాంజివలె తేలికగా ఉండే ఈవీఏ సోళ్లకు ముందుగా ప్రైమర్ పూత అవసరమవుతుంది. ఏళ్లతరబడి అలమరలో ఉండి, పొడిపొడిగా రాలిపోయే పాలీయురెథేన్ సోల్‌ను మాత్రం ఏ జిగురూ కాపాడలేదు. గాలిలోని తేమే ఆ పదార్థాన్ని లోలోపల విడగొట్టి ఉంటుంది. క్షణాల్లో అతికే సూపర్‌గ్లూ గట్టిపడి పెళుసుబారుతుంది కనుక, నడకలో వంగేచోట పగిలిపోతుంది. కుట్లు తెగిన బూటును చెప్పులు కుట్టేవారి వద్దకు తీసుకువెళ్లడమే మంచిది.

ఆవిరి వెళ్లేది ఊపిరిలోకే

అతుకు నిలవాలంటే ద్రావణి బయటకు పోవాలి. గది తలుపులు మూసి ఉంటే అది చేరేది మనిషి ఊపిరితిత్తుల్లోకే. 1960వ దశకంలో జపాన్‌లోని మికావా ప్రాంతంలో, ఇళ్లలోనే వినైల్ చెప్పులు అతికించే కార్మికుల్లో కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, కండరాలు బలహీనపడే నాడీవ్యాధి బయటపడింది. జిగురులోని హెక్సేన్ ఆవిరే అందుకు కారణమని తేలింది. 1970వ దశకంలో టర్కీలోని ఇస్తాంబుల్‌లో బెంజీన్ కలిసిన జిగురు వాడిన పాదరక్షల కార్మికుల్లో రక్త క్యాన్సర్‌ను వైద్యుడు ముజాఫర్ అక్సోయ్ బృందం నమోదు చేసింది. వీరంతా రోజూ, నెలల తరబడి ఆ ఆవిరి పీల్చినవారు. ఏడాదికి ఒకటి రెండు జతలు అతికించుకునే వారికి అంతటి ముప్పు ఉండదు. కానీ మూసిన గదిలో కొద్దిసేపు పీల్చినా తలనొప్పి, తలతిరుగుడు, వికారం కలుగుతాయి.

కాబట్టి ఈ పని వరండాలోనో, డాబాపైనో చేయాలి. ఈ ఆవిరి గాలికంటే బరువైనది; నేలబారుగా పాకి, దూరాన ఉన్న మంటనైనా అందుకోగలదు. వంటగదికి, దీపానికి, అగరొత్తులకు, సిగరెట్‌కు దూరంగా ఉండాలి. గర్భిణులు, చిన్నపిల్లలు దగ్గర లేకుండా చూడాలి.

మిగిలిన ట్యూబును ఎక్కడ ఉంచాలి?

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఎయిమ్స్ నిర్వహించిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. జిగురు వంటి పదార్థాల ఆవిరిని మత్తు కోసం పీల్చే అలవాటు పెద్దల్లో 0.58 శాతం ఉండగా, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం ఉందని అందులో తేలింది. పెద్దలకంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించిన మత్తు అలవాటు ఇదొక్కటే. ఈ ఆవిరి పీల్చడం వల్ల గుండె లయ తప్పి, ఒక్కసారితోనే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. అందువల్ల అవసరానికి సరిపడా చిన్న ట్యూబే కొని, మిగిలినదానికి మూత బిగించి పిల్లలకు అందనిచోట భద్రపరచాలి. పిల్లల దుస్తులకు జిగురు వాసన వస్తున్నా, నోటిచుట్టూ పొక్కులు కనిపించినా తల్లిదండ్రులు నిందించకుండా మాట్లాడాలి. మత్తు విముక్తికి సంబంధించిన సలహాల కోసం జాతీయ ఉచిత సహాయవాణి 14446కు, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కు ఫోన్ చేయవచ్చు.