మిల్లు పనికి చవకైన మల్టీమీటరు: ఏది కొనవచ్చు?

తెలుగు రాజులు తరతరాలుగా స్థిరపడిన తమిళనాడులోని రాజపాళయం నూలు మిల్లులకు పేరొందిన ఊరు. పి.ఎ.సి. రామస్వామి రాజా అక్కడ రాజపాళయం మిల్స్‌ను స్థాపించినది 1936లో. అటువంటి మిల్లులో ఎలక్ట్రీషియనుగా చేరే పిల్లవాడు తొలుత కొనవలసినది డిజిటల్ మల్టీమీటరు.

ఇంటి ప్లగ్గులో 230 వోల్టులుండగా, మిల్లు మోటార్లకు వచ్చే త్రీఫేజ్ సరఫరాలో ఫేజుల మధ్య 415 వోల్టులుంటాయి. డయలుపై 600 అని ఉన్నంత మాత్రాన చాలదు. పిడుగు పడినప్పుడు, పెద్ద మోటారు ఆగినప్పుడు తీగలలో క్షణకాలం వేల వోల్టులు పుట్టవచ్చును. వాటిని మీటరు ఎంతవరకు తట్టుకోగలదో తెలిపేది క్యాట్ గుర్తు. మిల్లు ప్యానెలుకు క్యాట్ 3, 600 వోల్టుల మీటరు అవసరం. ప్రోబు తీగలపైనా అదే గుర్తు ఉండవలెను.

గుర్తును ఊరకే అచ్చు వేసేవారూ లేకపోలేదు. కనుక కొట్టులోనే వెనుక మూత విప్పించి చూడడం మేలు. లోపల చిన్న గాజు ఫ్యూజు కనిపిస్తే ఆ మీటరు రేడియో మరమ్మతుకే తగినది. పెద్ద షార్ట్ సర్క్యూట్‌లో అది పగిలి మంట చిమ్మగలదు. ఇసుక నింపిన పింగాణీ ఫ్యూజు ఉండవలెను. చాలా చవక మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రానికి అసలు ఫ్యూజే ఉండదు. తీగను ఆ రంధ్రంలో మరచి వోల్టేజి కొలిస్తే నేరుగా షార్ట్ సర్క్యూటే.

ఆటోరేంజ్, ఉష్ణోగ్రత వంటి హంగులు లేకున్నా పని సాగుతుంది. అయితే ఎంత మంచి మీటరైనా, లైనులో కరెంటు లేదని నమ్మే ముందు, తరువాత కూడా, కరెంటున్న మరొక చోట దానిని పరీక్షించవలెను.