పంటికి అతుక్కునే గాజు

మార్కాపురం పలక మీద అక్షరం తప్పు పోతే తడిగుడ్డతో తుడిచి మళ్లీ దిద్దుకోవచ్చు. పంటి పైపొరకు ఆ వీలు లేదు. పింగాణి పొర అనే ఆ ఎనామిల్‌ను కట్టే కణాలు పన్ను చిగురు దాటేసరికే పని ముగించుకుని అంతరిస్తాయి. శాశ్వతంగా ఉండే ముందు పళ్లకు ఆ పొర బిడ్డ పలక పట్టే వయసులోనే, ఇంచుమించు ఎనిమిదేళ్లలోపే, పూర్తవుతుంది. ఆ ఏళ్లలో తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఖనిజం సరిగా నిండదు. పొరలో కంటికి కనిపించని సందులు మిగిలిపోతాయి. పన్ను వచ్చాక వాటిలోకి రంగు ఇంకుతుంది. గార పళ్లను ఎంత తోమినా తెల్లబడకపోవడానికి కారణం ఇదే. మరక పొర మీద కాదు, పొరలోనే ఉంది.

మార్కాపురం చుట్టుపక్కల నేలకు ఈ బాధ పాతదే. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు మీద తొలి శాస్త్రీయ నివేదికను 1937లో షార్ట్, ఆయన సహచరులు ప్రచురించారు. వాళ్లు పరిశీలించింది అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి వైపు పల్లెలను. ఆ ప్రాంతాలు, కర్నూలు జిల్లా నుంచి వచ్చిన మార్కాపురం, గిద్దలూరు 1970లో ఒకే జిల్లాలో కలిశాయి.

అదే ఫ్లోరైడ్ కొలత మీద ఉంటే పంటికి కాపలా కాస్తుంది. ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. నోట్లో ఆమ్లం పెరిగి పీహెచ్ 5.5 కంటే తగ్గితే ఆ ఖనిజం కరగడం మొదలవుతుంది. ఫ్లోరైడ్ చేరిన ఖనిజం 4.5 దాకా తట్టుకుంటుంది. ఎనామిల్ కింద ఉండే డెంటిన్ ఇంత గట్టిది కాదు. దానిలోని సన్నటి గొట్టాలు నరాలుండే గుజ్జు దాకా పోతాయి. పుప్పి డెంటిన్‌కు చేరాకే చల్లనీళ్లకు పన్ను జివ్వుమంటుంది.

ఆ పుప్పిని తీసి దేనితో పూడ్చాలి? వెండి, పాదరసం కలిపిన మిశ్రమం గట్టిదే కానీ పంటికి అతుక్కోదు. అది ఊడకుండా నిలవడానికి మంచి పన్నును కూడా తొలిచి గుంట చేయాల్సివచ్చేది. సిలికేట్ సిమెంట్ పంటి రంగులో ఉండి ఫ్లోరైడ్ వదిలేది. కానీ లాలాజలానికి కరిగిపోయేది. 1968లో డెనిస్ స్మిత్ పాలీఅక్రిలిక్ ఆమ్లంతో చేసిన సిమెంట్ పంటిని పట్టుకుంది. దాని రంగు మాత్రం పంటి రంగులో కలవలేదు. లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ సిలికేట్ సిమెంట్‌లోని గాజుపొడిని, స్మిత్ సిమెంట్‌లోని ఆమ్లాన్ని కలిపారు. ఆ కొత్త సిమెంట్ సంగతి 1972లో దంతవైద్య లోకానికి తెలిసింది. దాని పేరు గ్లాస్ అయనోమర్. మొదట్లో అది గట్టిపడటానికి చాలాసేపు పట్టేది. టార్టారిక్ ఆమ్లం చేర్చాక ఆ లోపం తీరింది. చింతపండు పులుపు కూడా ఆ ఆమ్లానిదే.

ఆ సిమెంట్‌లోని పొడి సిలికా, అల్యూమినా, కాల్షియం ఫ్లోరైడ్‌లను వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కరిగించి, చల్లార్చి, నూరిన గాజు. సిలికా, అల్యూమినా మన పలక రాయిలోనూ ముఖ్య పదార్థాలే. ఫ్లోరైడ్ మన బోరు నీళ్లలో ఉన్నదే.

పంటి డాక్టరు గారు ఈ సిమెంట్‌ను కలిపేటప్పుడు గమనించండి. కాగితం మీద కొలత చెంచాతో పొడి వేసి, పక్కన ఒక చుక్క ద్రవం వేస్తారు. పుల్లతో గబగబా కలుపుతారు. ముద్ద మీద తడి మెరుపు ఉండగానే గుంటలో పెట్టాలి. పంటిలోని కాల్షియంతో కలవడానికి ఆమ్లం ఇంకా మిగిలి ఉందనడానికి ఆ మెరుపే గుర్తు. మెరుపు చచ్చిన ముద్ద పన్నును పట్టదు. దాన్ని పారేసి మళ్లీ కలపాల్సిందే. నోట్లో కొన్ని నిమిషాలకే అది బిగుస్తుంది. లోపల అల్యూమినియం బంధాలు మాత్రం మర్నాటికీ బలపడుతూనే ఉంటాయి. ఆ తర్వాత అది కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది. తోముకునే పేస్టు నుంచి కొంత తిరిగి నింపుకుంటుంది కూడా.

1980ల్లో టాంజానియాలో యో ఫ్రెంకెన్ ఒక పద్ధతి మొదలుపెట్టారు. చేతి పనిముట్లతో మెత్తబడ్డ పుప్పిని గీకి తీసి, పంటికి అతుక్కునే సిమెంట్‌తో, ఇప్పుడు ఎక్కువగా గ్లాస్ అయనోమర్‌తోనే, పూడ్చడమే ఆ పద్ధతి. దానికి కరెంటు అక్కర్లేదు, డ్రిల్లు అక్కర్లేదు. బడి వరండాలో బల్ల మీద పడుకోబెట్టి కూడా చేయవచ్చు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సిమెంట్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పట్నం దాకా పోలేక పన్ను పీకించుకునే పల్లెలకు ఇంతకంటే తగిన సాధనం నాకు కనిపించదు.

దవడ పళ్ల మీద పెద్ద గుంటల్లో పెడితే ఇది అరిగిపోతుంది. గార రంగును పోగొట్టడం కూడా దీని వల్ల కాదు. అది రాకుండా కాపాడేది మంచినీళ్లే. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదనీ, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన ప్రమాణం. వెలిగొండ సొరంగాల గుండా శ్రీశైలం నీళ్లు తేవాలన్న పథకం ఈ ప్రాంతపు సాగు కోసం, దాహం కోసం. ఇవాళ మూడేళ్లున్న బిడ్డ పళ్లకు మిగిలిన గడువు మహా అయితే అయిదేళ్లే. ఆ అయిదేళ్లూ ఆ ఇంటి బిందెలోకి మంచినీళ్లే రావాలి.