రేకుల పైకప్పు పనికి లైసెన్సు ఎవరిస్తారు?

రాయ్‌పూర్: ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో రేకుల కప్పు లేని కర్మాగారం అరుదు. తుప్పుపట్టిన, పగిలిన రేకులను మార్చే పనికి అక్కడ ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. అయితే ఆ పని చేపట్టే గుత్తేదారుకు ‘పైకప్పు లైసెన్సు’ పేరిట ఇచ్చే ప్రత్యేక పత్రమేదీ ఛత్తీస్‌గఢ్‌లో లేదు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో పైకప్పు పనికి ‘సీ-39’ అనే ప్రత్యేక విభాగమే ఉంది. నాలుగేళ్ల అనుభవం, పరీక్ష, 25 వేల డాలర్ల పూచీ బాండు తప్పనిసరి. కింద ఒక్క కూలీ లేకున్నా కార్మిక ప్రమాద బీమా చూపాల్సిందే. మన దగ్గర ఇలాంటి షరతు పైకప్పుకు కాక, దానిపై అమర్చే సౌర ఫలకాల విద్యుత్ పనికి ఉంది. తీగలు కలిపే వ్యక్తికి రాష్ట్ర ప్రభుత్వ ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు లైసెన్సు కావాలి. అదే కప్పుపై రేకులు బిగించేవారికి అక్కరలేదు.

ప్రభుత్వ పనులకు మాత్రం నమోదు తప్పదు. ప్రజా పనుల శాఖ గుత్తేదారులను వారి సామర్థ్యాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ తరగతులుగా నమోదు చేస్తుంది. నిరుద్యోగ యువత కోసం ‘ఈ’ తరగతిని కూడా ప్రవేశపెట్టారు. పైకప్పు పని ఇందులో భవన నిర్మాణంలో భాగమే తప్ప వేరే విభాగం కాదు.

ప్రైవేటు పనుల్లో లెక్క మారుతుంది. రాయ్‌పూర్‌లో ‘ఠేకేదార్’ అన్న ఒక్క మాట నలుగురు కూలీల మేస్త్రీకీ, కోట్ల రూపాయల పనులు చేసే సంస్థకూ చెల్లుతుంది. చట్టం మాత్రం తలలు లెక్కపెడుతుంది. 10 మంది ఉంటే సంస్థ నమోదు, ఈఎస్‌ఐ వర్తిస్తాయి. 20 మందికి చేరితే భవిష్య నిధి వచ్చి చేరుతుంది. కాంట్రాక్టు కార్మికుల లైసెన్సుకు 1970 నాటి కేంద్ర చట్టం 20 మందిని హద్దుగా పెట్టగా, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి దానిని 50కి పెంచింది. ఆ లైసెన్సు అయిదేళ్లు చెల్లుతుంది. వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు సరేసరి.

చిక్కంతా ఇక్కడే. రేకులు మార్చే ముఠాలో సాధారణంగా ఉండేది నలుగురైదుగురే. పై హద్దుల్లో ఒక్కటీ వారికి తగలదు. ప్రమాదం మాత్రం మనుషుల సంఖ్యను బట్టి తగ్గదు. పాత సిమెంటు ఆస్బెస్టాస్ రేకు చూపుకు గట్టిగానే ఉంటుంది, మనిషి బరువుకు చప్పున విరుగుతుంది. అందుకే దానిపై నేరుగా అడుగు వేయకుండా ఆధార దూలాల మీదుగా పలకలు పరిచి నడవాలి, ఒంటికంతటికీ తొడిగిన భద్రతా పట్టీల (హార్నెస్) తాడును దృఢమైన చోట బిగించాలి.

ఇంత చిన్న ముఠాకూ వర్తించే రక్షణ ఒకటుంది. నేల నుంచి కప్పు శిఖరం వరకు 12 అడుగులు, ఆపై ఎత్తున్న కట్టడంపై మరమ్మతు చేసేవారిని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం తన పరిధిలోకి తెచ్చింది. ఆ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది. కార్మికుడు మరణిస్తే నెల వేతనంలో సగాన్ని, వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించి పరిహారం లెక్కగడతారు. తన వ్యాపారంలో భాగమైన పనిని గుత్తకిచ్చిన యజమాని నుంచి కూడా ఆ మొత్తాన్ని కోరవచ్చు. యజమాని దానిని తర్వాత గుత్తేదారు నుంచి రాబట్టుకోవాలి. గుత్తేదారుకు బీమా ఉందా అని కర్మాగార యజమాని ముందే అడగడం తన మేలు కోసమే.

కూలీల వైపు నుంచి చూస్తే, 18 నుంచి 60 ఏళ్ల వయసులో ఉండి, గడచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు రాష్ట్ర భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఆ 90 రోజుల పనికి రుజువు కావాలి కాబట్టి, హాజరు పుస్తకం రాయని మేస్త్రీ దగ్గర పనిచేసేవారికి ఈ నమోదు కష్టమవుతుంది.